ఇది ఖాళీగా ఉండాలి

మార్చి 2

ఈ నెలాఖరుకి కంప్యూటర్లో బిల్డు పని వదిలేస్తున్నాను. ఇంట్లో చెప్పేశాను కూడా. ఇక వెనక్కి తగ్గేది లేదు.

మా ఆవిడకి ఆసుపత్రి కుట్టుపని వచ్చేలా ఉంది. దుప్పట్లు, దిండు గలీబులు, రోగులకి వేసే గౌన్లు. ఏడాది పొడుగునా ఉండే పని. ఇన్నాళ్లూ ముందు గదిలో ఒక్క మిషను పెట్టుకుని చుట్టుపక్కలవాళ్ల బట్టలకి అంచులు మడిచి కుట్టిన మనిషి. ఇప్పుడు మూడు మిషన్లు ఒకటో తారీకున దిగుతాయట. అవి పట్టే చోటు ఇంట్లో వెనక గది ఒక్కటే. అందులో నేనూ, నా బల్లా, కంప్యూటరూ, దాని వైర్లూ ఉన్నాం.

"మిషన్లు దిగేసరికి గది ఖాళీగా ఉండాలి" అంది.

"ఉంటుంది."

"పోయినసారి బట్టలు ఆరేసుకోవడానికి అడిగినప్పుడూ ఇలాగే ఉంటుందన్నారు."

"అప్పటి పరిస్థితి వేరు."

"ఏం వేరు?"

గుర్తు రాలేదు. ఏదో ఉండే ఉంటుంది.

మార్చి 3

అత్తగారు మోకాలి ఆపరేషనయ్యాక మా దగ్గరే ఉంటోంది. ఉదయం వెనక గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, నేను పని చేసుకుంటుంటే చూస్తూ కూర్చుంది.

"ఇంతకీ ఆ పెట్టెలో నువ్వు చేసేదేంటి అల్లుడూ?"

చెప్పాను. కాగితాలు అచ్చువేసే ప్రోగ్రాం ఒకటుంది. దుకాణాల బిల్లులు, బస్సు టిక్కెట్లు, ఆసుపత్రి చీటీలు చాలాచోట్ల దాంతోనే అచ్చవుతాయి. దాన్ని ఒక కంపెనీ రాయలేదు. ఎక్కడెక్కడివాళ్లో వందలమంది తలో ముక్కా రాశారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. ఎవరైనా బాగుచేయవచ్చు. ఆ ముక్కల్లో ఏది ముందు, ఏది వెనక అని వరస చూసి ఒక్క ప్రోగ్రాంగా అతికే ఏర్పాటు ఉంది. దాన్ని బిల్డు అంటారు. అది చూసేది నేను.

"అందరూ కుట్టిన ముక్కలు నువ్వు అతుకుతావన్నమాట."

"నేను అతకనండీ. అతికేదాన్ని చూసుకుంటాను."

"జీతమెంత?"

"జీతం లేదు. ఎవరికీ లేదు."

ఆవిడ వంటింట్లో ఉన్న కూతురివైపు తిరిగింది. "పోనీలేవే. తాగుడు లేదు, పేకాట లేదు. ఇదొక్కటేగా."

మార్చి 5

ప్రోగ్రాం రాసేవాళ్లందరూ చూసేచోట ప్రకటన పెట్టాను. బిల్డు పని అప్పగించడానికి మనిషి కావాలని. వచ్చేవాడికి ఏమేం తెలిసి ఉండాలో కింద రాశాను. మొదట పొట్టిగానే రాశాను. చదువుకుంటే మరీ తేలిక పనిలా కనిపించింది. ఇంకొన్ని చేర్చాను. చేరుస్తూ కూర్చునేసరికి ఉద్యోగానికి ఆలస్యమైంది. కోల్డ్ స్టోరేజీలో తూకం గది తాళం నా దగ్గరే ఉంటుంది. నేను వెళ్లేసరికి దుంపల లారీలు గేటు బయటిదాకా నిలబడి ఉన్నాయి.

సాయంత్రం చూస్తే గుడ్లగూబ రాశాడు. పేరెవరికీ తెలీదు, గుడ్లగూబ బొమ్మ పెట్టుకుంటాడు. "మీరు లేకపోతే బిల్డు ఏమైపోవాలి?"

రెండు మూడుసార్లు చదివాను. మంచి మనిషి.

మార్చి 6

పనికి ఎవరూ రాలేదు. అనుకున్నదే.

మార్చి 7

ఒకడొచ్చాడు. శుభ్రం.

ఆ పేరు నేను పెట్టుకున్నది. వాడి బొమ్మ చీపురు. చేరి ఏడాదైంది. కొత్తగా ఏదీ రాయడు. ఎవరో రాసినదాంట్లో అక్కర్లేనివి ఏరి తీసేస్తుంటాడు. కుర్రాడై ఉంటాడు. ఆ వయసులో అన్నీ తీసేయాలనే ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే తొందరగా తేలుతుందని ఏడాదిగా నా నంబరు అడుగుతున్నాడు. నేనివ్వలేదు. ఏదున్నా అందరి ముందూ రాసి అడగాలి. అది పద్ధతి.

"నేను చేస్తాను. ఎప్పుడు మొదలుపెట్టమంటారు?" అని అడిగాడు.

ప్రకటనలో అడిగినవన్నీ నీకు వచ్చా అన్నాను. వచ్చట. ఆలోచించి చెబుతానన్నాను.

మార్చి 9

బిల్డు ఆగిపోయింది. పొద్దున్న లేచేసరికి ఎక్కడ చూసినా ఎర్రగుర్తులే.

శుభ్రం ఖాళీ ఫైలు తీసేశాడు.

ఈ సంగతి రేపు ఎవరికైనా చెప్పాల్సి వస్తుంది కాబట్టి ఇక్కడ ఒకసారి వరసగా రాసుకుంటున్నాను. కాగితం అడుగున దుకాణం పేరో, చిరునామానో పడాలంటే ఆ వాక్యాలు పెట్టడానికి ఒక ఫోల్డరుంది. పేరు 'అడుగు'. అందులో ఏముంటే అది ప్రతి కాగితం అడుగునా అచ్చవుతుంది. మేమేమీ పెట్టం. వాడుకునేవాళ్ల ఇష్టం. కానీ ఆ ఫోల్డరు కనిపించకపోతే బిల్డు అక్కడే ఆగుతుంది. మేమంతా ప్రోగ్రాం దాచుకునే చోటేమో ఖాళీ ఫోల్డరుని దాచుకోదు, పారేస్తుంది. అందుకని మొదట్లోనే దాంట్లో ఒక ఫైలు పెట్టాను. అందులో ఒక్క అక్షరం ఉండదు. ఫైలు ఉంది కాబట్టి ఫోల్డరుంది. ఫోల్డరుంది కాబట్టి బిల్డుంది. ఫైలుని చూసుకోవడానికి నేనున్నాను.

ఏడాదికి ఒకడైనా దాన్ని తీసేస్తాడు. బిల్డు ఆగుతుంది. నన్ను అడుగుతారు. నేను చెబుతాను. మళ్లీ పెడతాను.

ఈసారీ పెట్టాను. పచ్చగుర్తులు వచ్చాయి. గుడ్లగూబ దండం పెట్టే బొమ్మ పంపాడు.

మార్చి 10

శుభ్రం ఊరుకోలేదు. "ఫైలు ఎందుకు? ఫోల్డరు లేకపోతే తయారు చేసుకోమని బిల్డులోనే ఒక వరస ప్రోగ్రాం రాస్తే సరిపోతుంది కదా" అని, ఆ వరస రాసి పంపాడు. బిల్డు జోలికొచ్చే ఏ మార్పయినా నేను సరేనంటేనే లోపలికి వెళ్తుంది.

ఒక్క వరసే. చూడ్డానికి బాగానే ఉంది. అంత తేలికైతే ఇన్నేళ్లు నేను రాయకపోదునా? నిజానికి మొదట్లో రాశాను కూడా. తర్వాత తీసేశాను. ఎందుకో ఉండే ఉంటుంది.

పరిశీలిస్తున్నానని చెప్పాను.

మార్చి 12

ఖాళీ ఫైలు గురించి అందరూ మాట్లాడుకుంటున్నారు. ఉండాలనేవాళ్లు కొందరు, పోవాలనేవాళ్లు కొందరు. ఒకాయన, ఖాళీ అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలన్నాడు. ఇంకొకాయన ఆ ఫైలు చరిత్ర రాశాడు. చదవడానికి ఒక పూట పట్టింది. కిందనే ఇంకెవరో ఆ చరిత్రకి విషయసూచిక కావాలన్నారు. ఓటింగు పెట్టారు. సగం సగం వచ్చింది. నా ఓటు మీద ఆధారపడింది.

నేను ఎటూ వేయలేదు. తప్పుకునేవాణ్ణి, నాకెందుకు.

మార్చి 14

శుభ్రం మళ్లీ అడిగాడు. పరిశీలిస్తున్నానన్నాను.

మార్చి 16

పరిశీలిస్తున్నాను.

మార్చి 18

గుడ్లగూబ మంచి ఉపాయం చెప్పాడు. తీసేసేవాళ్లకి తెలియకే కదా తీసేస్తున్నారు, ఆ ఫైల్లోనే సంగతి రాసి పెడితే పోలేదా అని. ఇన్నేళ్లుగా ఎవరికీ తట్టలేదు చూడు.

ప్రోగ్రాం కొత్త విడుదల వాడుకునేవాళ్లందరికీ ఇవాళే వెళ్లాలి. ఉద్యోగానికి బయల్దేరేలోగా కూర్చుని రాసేశాను:

"ఇది ఖాళీగా ఉండాలి. ఇందులో ఏమీ రాయవద్దు. తీసేయవద్దు. ఎందుకో తెలియాలంటే ఫోన్ చేయండి."

కింద నా నంబరు వేశాను. నేను తప్పుకున్నాక అడగడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. అప్పగింతంటే ఇదీ. శుభ్రానికి ఇలాంటివి తెలియవు.

పరీక్షలన్నీ పచ్చగా వచ్చాయి. విడుదల చేశాను.

మార్చి 19

మా ఆవిడ టేపు తెచ్చి వెనక గది కొలిచింది. నా కుర్చీ కింద కూడా కొలిచింది. కాళ్లు ఎత్తమంటే ఎత్తాను.

"మనిషి దొరికాడా?" అంది.

"ఒకడున్నాడు. ఇంకా తయారవ్వాలి."

"వాడా, మీరా?"

అత్తగారు గుమ్మంలోంచి నవ్వింది.

మార్చి 23

మధ్యాహ్నం తూకం చీటీ అచ్చువేసి లారీ డ్రైవరు చేతికిచ్చాను. ఇతను దేన్నయినా కిందనుంచి పైకి చదివే రకం.

"ఇదేంటి సార్? 'ఇది ఖాళీగా ఉండాలి' అని ఉంది."

"ఎక్కడ?"

"అడుగున. 'ఏమీ రాయవద్దు, తీసేయవద్దు.' నంబరు కూడా ఇచ్చారు. ఏది ఖాళీగా ఉండాలి సార్, నా లారీయా, మీ గోడౌనా?"

"ఏదీ కాదు. పోయి దింపుకో."

"అదేం మాట? దింపాక ఎందుకు దింపావంటే ఎవరు చెబుతారు? ఉండండి, కనుక్కుంటా."

నంబరు కొట్టాడు. నా జేబులో ఫోను మోగింది.

"మీది మోగుతోంది సార్."

"మోగనీ."

"ఎత్తండి పర్లేదు. నేను చేసినవాడు ఎలాగూ ఎత్తట్లేదు."

అతను పెట్టేశాడు. నాది ఆగింది. అతను మళ్లీ కొట్టాడు. నాది మళ్లీ మోగింది. నేను గోడకున్న ఉష్ణోగ్రత పట్టీ చూస్తూ నిలబడ్డాను.

"దొంగ నంబరులా ఉంది" అన్నాడు చివరికి.

"అలాగే ఉంది" అన్నాను.

అతను వెళ్లాక కుర్చీలో కూర్చున్నాను. 'అడుగు'లో ఏముంటే అది ప్రతి కాగితం అడుగునా అచ్చవుతుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఎవరికైనా తెలిసిందంటే నేను చెబితే తెలిసిందే.

మార్చి 24

పొద్దుటినుంచీ ఫోన్లే.

బస్సులోంచి ఒకతను. టిక్కెట్టు మీద ఖాళీగా ఉండాలని ఉంది కాబట్టి కండక్టరు కూర్చోనివ్వడం లేదట. ఫోను కండక్టరుకి ఇమ్మన్నాను. "మీరెవరు చెప్పడానికి?" అన్నాడు కండక్టరు. టిక్కెట్టు మీద నంబరు నాదే అన్నాను. "అయితే సరే సార్" అని కూర్చోబెట్టాడు.

ఒకావిడ రక్తపరీక్ష చీటీ చూసి చేసింది. "నిన్నటినుంచీ ఏమీ తినలేదండీ. ఇంకా ఎంతసేపు ఖాళీగా ఉండాలి?" తినండి తల్లీ అన్నాను. "చాలా థాంక్స్ డాక్టరుగారూ" అంది.

ఒక పెద్దాయన మాత్రం నిజంగానే ఎందుకో తెలుసుకుందామని చేశాడు. ఫోల్డరు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. "ఇంకా చెప్పండి" అన్నాడు. ఇలాంటివాళ్లు ఉన్నారు. మనమే వెతుక్కోవాలి.

శుభ్రం అందరి ముందూ రాశాడు: "ఆ ఒక్క వరసకి సరేనంటే చాలు. ఫైలు తీసేసి కొత్త విడుదల పంపేద్దాం." కింద చాలామంది చేతులెత్తే బొమ్మలు పెట్టారు. గుడ్లగూబ కూడా.

తొందరపడి మారిస్తే ఇంకోటి పాడవుతుందని రాశాను. సాయంత్రం ఫోను ఆపేశాను. బ్యాటరీ వేడెక్కింది.

మార్చి 25

ఫోను ఆపే ఉంచాను. బ్యాటరీకి కొంచెం విశ్రాంతి ఉండాలి.

మార్చి 26

మా ఆవిడ ఆసుపత్రినుంచి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా వెనక గదిలోకి వచ్చింది. ఒక కాగితం నా కీబోర్డు మీద పెట్టింది. కుట్టుపని ఆర్డరు. మా ఆవిడ పేరు, దుప్పట్లు, గలీబులు, గౌన్లు, అన్నీ ఉన్నాయి. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"అక్కడి గుమాస్తా సంతకం పెట్టనన్నాడు" అంది.

"ఎందుకట?"

"అడుగున చదవండి."

చదవక్కర్లేదు. చదివాను.

"ఏమీ రాయవద్దని ఉంది కాబట్టి రాయడట. సంతకమంటే రాతేనట. ఆ నంబరుకి మొన్నటినుంచీ చేస్తున్నాడట. స్విచ్చాఫ్ వస్తోందట." చున్నీతో మొహం తుడుచుకుంది. "నంబరు చదివి వినిపించాడు. మొదటి నాలుగంకెలు చదవగానే మిగతావి నేను చెప్పాను. 'మీకెలా తెలుసమ్మా?' అన్నాడు. ఏం చెప్పమంటారు?"

"ఏం చెప్పావు?"

"ఎక్కడో విన్నట్టుందన్నాను."

అత్తగారు కర్ర ఊతంగా నడిచి వచ్చి కాగితం దూరంగా పట్టుకుని చదివింది. "ఖాళీగా ఉండాలన్న చోట ఇన్ని మాటలెందుకు రాశావు అల్లుడూ?"

సంగతి మొత్తం చెబుదామని మొదలుపెట్టాను. మా ఆవిడ చెప్పులు విప్పడానికి బయటికి వెళ్లిపోయింది.

మార్చి 27

సెలవు పెట్టి ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం.

కొనుగోళ్ల గుమాస్తా గది మెట్లకింద ఉంది. మనిషి సన్నగా, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని కూర్చున్నాడు. చుట్టూ సంతకాలు కాని కాగితాలు. పడిపోకుండా ఒక కట్ట మీద స్టేప్లరు, ఒక కట్ట మీద లంచి డబ్బా పెట్టాడు. గుమ్మం బయట బెంచీ మీద సామాన్లు సరఫరా చేసేవాళ్లు నలుగురైదుగురు కాగితాలు పట్టుకుని ఉన్నారు.

"నేను చేయనన్నానా అమ్మా? కాగితం వద్దంటోంది" అన్నాడు మా ఆవిడతో. "రేపు ఆడిట్‌వాళ్లు వచ్చి, ఏమీ రాయవద్దని ఉంటే ఎందుకు రాశావయ్యా అంటే?"

"అది ఎవరో పొరపాటున..." అన్నాను నేను.

మా ఆవిడ నా వైపు చూసింది.

"నేను పొరపాటున రాశానండీ. ఆ నంబరు నాదే."

ఆయన కళ్లద్దాలు కిందికి దింపి నన్ను చూశాడు. "మీరా! ఎన్నిసార్లు చేశామండీ! ఫోను ఆపేసి కూర్చుంటే ఎలా?"

"వచ్చాను కదా. ఆ వాక్యం లెక్కలోకి రాదు. మీరు సంతకం చేయవచ్చు."

"మీరొచ్చి చెబితే చెల్లదు."

"నేనే రాశానంటే..."

"కాగితంలో ఏముంది? 'ఫోన్ చేయండి' అని ఉంది. వచ్చి కలవండి అని లేదు."

నేనింకా ఏదో అనబోతుంటే మా ఆవిడ, "ఫోను తియ్యండి" అంది. తీసి ఆన్ చేశాను. ఆయన బల్లమీది ఫోను దగ్గరికి లాక్కుని కాగితం చూసి ఒక్కొక్క అంకె నొక్కాడు. నా చేతిలో మోగింది.

"హలో" అన్నాను.

"నమస్కారమండీ. ఆసుపత్రి కొనుగోళ్ల విభాగంనుంచి మాట్లాడుతున్నాను." నా మొహంలోకే చూస్తున్నాడు. "మీ వాక్యం గురించి."

"చెప్పండి."

"ఇది ఎందుకు ఖాళీగా ఉండాలి?"

"అంటే, బిల్డు అని ఒకటి ఉంటుందండీ. ముక్కలన్నీ వరసలో..."

మా ఆవిడ కుర్చీ జరిపింది. నేల మీద గట్టిగా చప్పుడైంది.

"అక్కర్లేదండీ" అన్నాను. "ఖాళీగా ఉండక్కర్లేదు."

"సంతకం చేయవచ్చా?"

"చేయవచ్చు."

"మంచిదండీ. ఉంటాను." ఫోను పెట్టేసి, పెన్ను తీసి, నాతో అన్నాడు: "చేయవచ్చన్నారు."

సంతకం చేసి మా ఆవిడకిచ్చాడు. ఆవిడ మడవకుండా రెండు చేతులతో పట్టుకుంది.

"కానీ అమ్మా, ఇది ఈ కాగితం వరకే. ప్రతినెలా మీ సరుకు తీసుకున్నట్టు చీటీ వస్తుంది కదా. దానిమీదా ఇదే పడుతుంది. ప్రతిదానికీ మళ్లీ ఫోన్ చేయాలి."

"ఎత్తుతాను" అన్నాను.

గుమ్మంలోంచి ఒకతను తొంగి చూశాడు. "ఆ నంబరాయన ఈయనేనా? సార్, నాది సూదుల బిల్లు. ఒక్కసారి బయటికొచ్చి మాట్లాడతారా? కాదు కాదు, ఇక్కడే ఉండండి, నేను బయటికెళ్లి చేస్తాను."

అందరికీ ఎత్తాను. బెంచీ మీద నా పక్కన కూర్చున్నవాళ్లు నాకే ఫోన్ చేసి, అడిగి, పెట్టేసి, లోపలికి వెళ్లి చెప్పుకున్నారు. ఒకాయన బిల్లు తీసుకుని పోతూ నా చేయి పట్టుకుని ఊపాడు. చెప్పకూడదు గానీ నాకు బాగానే ఉంది.

మా ఆవిడ పక్కనే కూర్చుని చూస్తోంది.

"ఆ శుభ్రం ఒక వరస పంపాడన్నారు. అదేంటి?"

"ఫోల్డరు లేకపోతే తయారు చేసుకోమని."

"అది పెడితే ఈ ఫైలు అక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"తప్పేమైనా ఉందా దాంట్లో?"

"తప్పు లేదు."

"మరి?"

ఫోను మోగింది. ఎవరో పెద్దావిడ గొంతు.

"ఇది ఖాళీగా ఉండాలా బాబూ?"

"అక్కర్లేదండీ" అన్నాను అలవాటైపోయి.

"అదేగా నేను మొదటినుంచీ చెబుతున్నది!"

"ఎవరండీ?"

"చీపురు బొమ్మ. నంబరివ్వమని ఎన్నిసార్లు అడిగాను? ఇవ్వవాయె. ఇవాళ మా కరెంటు బిల్లు మీద వేసి ఇంటికే పంపావు."

ఆవిడే చెప్పింది. లైబ్రరీలో పనిచేసి రిటైరైందట. ఎవరూ చదవని పుస్తకాలు ఏరి బీరువాల్లోంచి తీయడం ఆవిడ ఉద్యోగం. ప్రతి పుస్తకానికీ ఎవరో ఒకరొచ్చి, ఇది తీయడానికి వీల్లేదని నిలబడేవారట.

"వాళ్లు చదివేవాళ్లాండీ?" అన్నాను.

"ఎక్కడ బాబూ! పెట్టినవాళ్లు. ఇంతకీ సరేనంటావా, ఇంకా పరిశీలిస్తావా?"

మా ఆవిడ ఆర్డరు కాగితం గాలికి రెపరెపలాడకుండా సంచి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నా వైపు చూడటం లేదు. నోటీసు బోర్డు చదువుతోంది.

ఆవిడ పంపిన వరస ఫోన్లోనే తెరిచి 'సరే' నొక్కాను. చిన్న బొత్తం. నొక్కాక ఏమీ కాలేదు. బిల్డు ఒకసారి నడిచింది. పచ్చగా వచ్చింది.

మార్చి 28

బిల్డు బాధ్యత శుభ్రంగారికి అప్పగించినట్టు రాశాను. చాలామంది ఆవిడకి శుభాకాంక్షలు చెప్పారు. గుడ్లగూబ, "మీరు రాకపోతే బిల్డు ఏమైపోయేది!" అని రాశాడు. ఆవిడకి.

మధ్యాహ్నం ఆవిడ ఫోన్ చేసినప్పుడు నేను స్నానం చేస్తున్నాను. అత్తగారు ఎత్తింది. నేను బట్టలు కట్టుకుని వచ్చేసరికి ఇద్దరూ మోకాళ్ల గురించి మాట్లాడుకుంటున్నారు. ఆవిడకీ ఎడమదేనట.

మార్చి 31

గది ఖాళీ చేశాను. కంప్యూటరు అటకమీదకి వెళ్లింది. బల్ల తీస్తే గోడమీద దాని ఆకారం తెల్లగా ఉంది. ఇన్నేళ్లు అక్కడ దుమ్ము పడలేదు.

మా ఆవిడ తడిగుడ్డ పెట్టి మిగతా గోడ తుడిచి, అంతా ఒకే రంగుకి తెచ్చింది.

ఏప్రిల్ 1

మిషన్లు దిగాయి. కుట్టేవాళ్లు ఇద్దరు వచ్చారు. ఒకామె అంచు కుట్టకుండానే పట్టీలు పెట్టేసి మళ్లీ విప్పింది. గౌనుకి ఏది ముందు, ఏది వెనక అన్నది గోడమీద రాసిపెడితే ఈ గొడవ ఉండదు. పెన్సిలు తెచ్చాను.

"గోడమీద ఏమీ రాయకండి" అంది మా ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా. "నన్ను అడిగితే చెబుతాను వాళ్లకి."

ఏప్రిల్ 4

కొత్త విడుదల వెళ్లింది. శుభ్రంగారే చేశారు. ఫైలు లేదు. బిల్డు నడుస్తోంది.

ఏప్రిల్ 5

నడుస్తోంది.

ఏప్రిల్ 8

లారీ డ్రైవరు చీటీ కిందనుంచి పైకి చదివాడు.

"ఆ నంబరు తీసేశారేంటి సార్?"

"పొరపాటున పడిందంట."

"అలాగా. పాపం, ఎవడో."

దుంపలు దింపుకుని వెళ్లాడు.

ఏప్రిల్ 9

ఇవాళ ఒక్క ఫోను వచ్చింది. బస్సు కండక్టరు. పాత టిక్కెట్ల చుట్ట ఇంకా మిగిలిందట, నిలబెట్టాలా కూర్చోబెట్టాలా అని. కూర్చోబెట్టమన్నాను. ఇంకేమైనా సందేహాలుంటే చేయమన్నాను. లేవన్నాడు.

ఏప్రిల్ 12

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వెనక గదిలో మిషన్లు మోగుతున్నాయి. దుప్పట్లు గుమ్మందాకా వచ్చాయి. మా ఆవిడ వాటిమీదనుంచి దాటి వచ్చి, నెల మొదటి చీటీ సంతకమై వచ్చిందని చూపించింది. అడుగున ఏమీ లేదు. తెల్లగా ఉంది. అంత తెల్లగా ఉంటే చూడ్డానికి ఏదోలా ఉంది.

కాళ్లు కడుక్కుంటుంటే లోపల ఫోను మోగింది. తడికాళ్లతో వచ్చేసరికి అత్తగారు ఎత్తేసింది. శుభ్రంగారు. నేను పక్కన నిలబడ్డాను. అత్తగారు ఎండ గురించి చెప్పింది, కొత్త మాత్రల గురించి చెప్పింది, కుట్టేవాళ్లలో ఒకామె అస్తమానం పాడుతుందని చెప్పింది. అవతలినుంచి ఏదో అడిగితే "ఆ, ఆ, అడుగుతాలే" అంది. మళ్లీ మాత్రల్లోకి వెళ్లింది. నేను చేయి చాచాను. పెట్టేసింది.

"నాకోసమా?" అన్నాను.

"బిల్డులో ఏదో తెలియలేదట. నీకైతే తెలుస్తుంది, అడిగి చెప్పమంది."

"ఏం తెలియలేదట?"

అత్తగారు మాత్రల డబ్బా మూత పెట్టింది.

"మర్చిపోయాను అల్లుడూ. అంత ముఖ్యం కాదులే అని కూడా అంది."

మళ్లీ చేస్తుందేమో. ఫోను చార్జింగులో పెట్టాను.